యాదగిరి వేయని రెండు ఓట్లు

నాకు ఒక మంచి పేరు ఉంది. అది నేను సంపాదించుకున్నది కాదు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే.

చెడ్డపేరు మోయడం కష్టమని అందరూ అంటారు. సంపాదించని మంచిపేరు మోసి చూడండి, అప్పుడు తెలుస్తుంది. చెడ్డపేరు వస్తే కనీసం నాలుగు మాటలు ఎదురు చెప్పుకోవచ్చు. మంచిపేరుకు ఏమని ఎదురు చెబుతాం? "ఆయన మాటంటే మాటే" అంటారు నా గురించి. ఆఫీసులో అంటారు, నేనుండే వీధిలో అంటారు. ఆ మాట మొదట పుట్టించినవాడు యాదగిరి. నన్ను నమ్మి అన్నాడు. నేను కాదనలేదు.

మీరు నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మా చర్చిలో ఆదివారం ఒప్పుకోలు ప్రార్థన ఉంటుంది. అందరం లేచి నిలబడి, ఒకే గొంతుతో, పాపం చేశాము అని చెబుతాం. అందరితో కలిసి చెబితే అదేమంత కష్టం కాదు. పక్కవాడి గొంతు కాస్త పెద్దదైతే మరీ సుఖం. చాలా ఏళ్ళు ఆ గుంపులోనే దాక్కున్నాను. ఇవాళ ఒక్కణ్ణే చెబుతాను.

ఏడవను. కాళ్ళ మీద పడను. నేను అలాంటి మనిషిని కాను. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకుని, ఎక్కడ తప్పింది, ఏ మెట్టు దగ్గర తప్పింది, ఎవరి చేతిలో తప్పింది అని రాయడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఇరవై ఏళ్ళ నుంచి అదే పని. ఎవరి తప్పునూ నీళ్ళు కలిపి రాయలేదు. నా తప్పు మీద మాత్రం ఇదే మొదటి రిపోర్టు. దీన్నీ అలాగే రాయగలనని నా నమ్మకం.

మాది గుంటూరు వైపు. ఉద్యోగం వచ్చిన కొత్తలో పుప్పాలగూడ పాత ఊళ్ళో ఒక ఇంటి రెండో అంతస్తులోకి కిరాయికి దిగాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. చుట్టూ ముప్ఫై అంతస్తుల మేడలు లేచాయి గానీ, మా వీధిలో ఇప్పటికీ గేదెను తోలుకుని పోతూ ఒకాయన హారన్ కొట్టిన కారువాణ్ణి తిడుతూ ఉంటాడు. ఇంటి యజమాని మల్లేశ్. సెంట్రింగ్ సామాను అద్దెకిస్తాడు, అంటే స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే ఇనప రేకులు, పైపులు. అతని తమ్ముడు యాదగిరి ఇంజినీరింగ్ చదివి మా కంపెనీలోనే, నా టీములోనే చేరాడు. పొద్దున నేను వాళ్ళ ఇంట్లో కిరాయిదారును. పదింటికి అతను నా కింద ఉద్యోగి. మా ఇద్దరికీ ఇది ఒక వేళాకోళం. "పైపు బాగుచేయించు ఓనరు గారూ" అని నేను, "ముందు నా రేటింగ్ బాగుచెయ్యి భయ్యా" అని అతను.

ఇద్దరం ఒకే ఆఫీసు బస్సులో వెళ్ళేవాళ్ళం. బస్సు గచ్చిబౌలి చేరే లోపల రాజకీయం మొదలయ్యేది. పార్టీల పేర్లు చెప్పను. చెబితే మీరు కూడా ఏదో ఒక పక్కకు జరిగి, ఆ పక్కనుంచి నా తప్పును చూస్తారు. అతనిది ఒక పార్టీ, నాది దానికి సరిగ్గా ఎదుటిది. అంత చాలు. బస్సులో మిగతావాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళు, మా పుణ్యమా అని. మా ఇద్దరి ఓట్లూ ఒకే బూత్‌లో ఉండేవి. ఊళ్ళోని సర్కారు బడి అది, యాదగిరి చదువుకున్న బడి. "నా ఓటు నీ ఓటును తింటది, నీ ఓటు నా ఓటును తింటది. ఇద్దరం ఇంట్ల పండుకున్నా ఒకటే" అనేవాడు నవ్వుతూ. అనడమే గానీ పడుకునేవాడు కాదు. పద్దెనిమిది నిండినప్పటి నుంచి, ఆ ఊళ్ళో సర్పంచ్ ఎన్నికలున్న రోజుల నుంచి, ఒక్క ఓటు కూడా మానలేదు.

ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను. ఓటర్ల జాబితా ఎప్పుడైనా చూశావా అన్నాడు. మొదటి రెండు మూడు పేజీల్లో పాత ఊరివాళ్ళ పేర్లుంటాయి. ఆ తరువాతివన్నీ మాలాంటి వచ్చినవాళ్ళవి. పోలింగు రోజు మల్లేశ్ వాళ్ళ పార్టీ తరఫున ఏజెంటుగా బూత్‌లో కూర్చుంటాడు. ఓటు వేయడానికి వచ్చినవాళ్ళ పేరు అధికారి పైకి చదివితే, తన దగ్గరున్న జాబితాలో ఆ పేరు పక్కన టిక్కు పెడతాడు. సాయంత్రం పాత ఊరివాళ్ళంతా చేరి ఆ మొదటి పేజీలు తిప్పి చూసుకుంటారట. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, రానివాళ్ళకు ఏమైంది అని. పెళ్ళయ్యాక ఎవరొచ్చారో ఎవరు రాలేదో మాట్లాడుకుంటాం చూడండి, అలా. "భూములు పోయినయ్, ఊరు పోయింది, గా మూడు పేజీలు మిగిలినయ్ భయ్యా" అన్నాడు. ఆ మాట నాకు బాగా అర్థమైంది. అర్థం కాలేదు అని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

తరువాత అతన్ని రెండేళ్ళ పని మీద నెదర్లాండ్స్ పంపాం. పంపింది నేనే. అతను అక్కడ ఉండగా లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. పేరు ఊళ్ళో జాబితాలోనే ఉంది. కానీ మనలాంటి ఉద్యోగులు విదేశంలో ఉంటే పోస్టులో ఓటు పంపే వీలు లేదు. విమానమెక్కి వచ్చి, వరసలో నిలబడి, వేలు చూపించాల్సిందే. యాదగిరి టికెట్ తీసుకున్నాడు. ఐదు రోజులు సెలవు పెట్టాడు. ఆ సెలవు మంజూరు చేయాల్సింది నేను.

ఆ వారంలోనే క్లయింటుకు మా కొత్త వెర్షన్ అప్పజెప్పాలి. యాదగిరి అక్కడ లేకపోతే తేదీ జరుగుతుంది. తేదీ జరిగితే నా ప్రమోషన్ జరగదు. ఇది ఒక కారణం. రెండోది, అతని ఓటు ఎవరికి పడుతుందో నాకు తెలుసు. ఈ రెంటిలో ఏది ముందు? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. ఆఫీసు కోసమే అని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది, అందుకే చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఏది ముందు అన్న ప్రశ్నే ఒక తప్పించుకునే దారి. రెండూ ఉన్నాయి. రెంటికీ ఒకటే మందు దొరికింది, నాకు సంతోషమైంది.

సెలవు లేదంటే చెడ్డపేరు వస్తుంది, ఓటుకు సెలవివ్వని టీమ్ లీడ్ అని. పామూ చావాలి, కర్రా విరగకూడదు. మధ్యాహ్నం భోజనమయ్యాక క్యాంటీన్ బయట నిలబడి అతనికి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే ఆఫీసు తెరిచే వేళ. సెలవు ఇస్తానన్నాను ముందు. ఆ తరువాత మెల్లగా అతని మాటే అతనికి అప్పజెప్పాను. "అంత దూరం నుంచి వచ్చి నువ్వు చేసేది నా ఓటును కొట్టేయడమేగా. నేనే వేయకపోతే? నువ్వక్కడ ఆగు, నేనిక్కడ ఆగుతాను. చెల్లుకు చెల్లు."

"నువ్వు ఓటెయ్యకుండ ఉంటవా భయ్యా? బస్సుల గంత లొల్లి జేస్తవ్."

"నీ కోసం ఉంటాను."

"నా కోసమా" అన్నాడు. "గట్లయితే సరే. నీ మాట చాలు నాకు."

ఇంకొకటి కూడా అడిగాను. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. లీడ్ ఉండి ఒకడి ఓటు మాన్పించాడని తెలిస్తే ఆఫీసులో నాకు మాట వస్తుంది, మీ అన్నయ్యకు కూడా పని పడిందని చెప్పు చాలు అన్నాను. తన నోట్లోంచి రాదని, ఫికర్ చేయొద్దని చెప్పాడు. ఆ పూటే టికెట్ రద్దు చేసుకున్నాడు.

ఆ ఫోన్‌లో మాటిచ్చినప్పుడు దాన్ని నిలబెట్టుకునే ఉద్దేశం నాకుందా? ఉందనే అనుకుంటాను. మరీ అంత నీచుణ్ణి కాను అనుకోవడం ప్రతివాడికీ అవసరం. కానీ ఒక సాక్ష్యం నాకు వ్యతిరేకంగా ఉంది. పోలింగు రోజు ఆఫీసుకు సెలవు. నా భార్య ఓటుకు బయలుదేరింది. తోడు వెళ్ళి గేటు దగ్గర నిలబడతాను అనుకుని నేనూ బయలుదేరాను. అప్పుడు నా చొక్కా జేబులో ఓటరు కార్డు ఉంది. పేరు, వరస నంబరు రాసి ఇంటికి తెచ్చి ఇచ్చిన చీటీ కూడా ఉంది. భార్యను దిగబెట్టడానికి వెళ్ళేవాడికి ఆ రెండూ దేనికి? వాటిని ఎప్పుడు జేబులో పెట్టుకున్నానో ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాదు. చేతులకు తెలిసింది, నాకు తెలియదన్నట్టు ఉంటుంది. ఇలాంటి కథ ఎవరైనా నా దగ్గరికి తెస్తే నేను ఒప్పుకోను.

బడి గేటు దగ్గర ఎండ. మగవాళ్ళ వరస చెట్టు నీడలో ఉంది. నీడ కోసం నిలబడ్డాను. నవ్వకండి, నిజంగా అలాగే అనుకున్నాను. వరస కదిలింది, నేనూ కదిలాను. ముప్పావు గంట పట్టింది లోపలికి చేరడానికి. ముప్పావు గంటలో ఏ నిమిషమైనా పక్కకు తప్పుకోవచ్చు. ముందున్నాయన వెనక్కి తిరిగి, ఈసారి ఎవరంటారు సార్ అని అడిగితే ఉత్సాహంగా జవాబు చెప్పాను కూడా. యాదగిరి గుర్తొచ్చాడా? వచ్చాడు. వాడు వస్తే వాడి ఓటు, నా ఓటు సరిపోయేవి, ఇప్పుడు వాడు లేడు, నాది మిగులు. సరిగ్గా ఇలాగే అనుకున్నాను, ఇవే మాటల్లో.

గదిలో అధికారి నా పేరు పైకి చదివాడు. బల్ల దగ్గర మల్లేశ్ కూర్చుని ఉన్నాడు. తలెత్తి నన్ను చూసి నవ్వాడు. ముందు పేజీల్లోంచి వెనక పేజీలకు తిప్పి, నా పేరు వెతికి, టిక్కు పెట్టాడు. వేలికి సిరా రాశారు. అట్ట మాటుకు వెళ్ళి మీట నొక్కాను. బీప్ మని మోగింది. బయటికి వచ్చాక నాకు పశ్చాత్తాపం కలిగిందని రాస్తే అది ఇంకో అబద్ధం. సంతోషం కలిగింది. ఒక ఓటుతో రెండు ఓట్ల పని చేశాననుకున్నాను. ఇంటికొచ్చి రెండోసారి టీ పెట్టించుకుని తాగాను.

సాయంత్రం మల్లేశ్ మెట్ల దగ్గర కనిపించాడు. ఎక్కడివాళ్ళో మీరు వచ్చి వేశారు, మావోడు రాకపోయె అని బాధపడ్డాడు. ఎప్పుడూ లేని పని ఇప్పుడే వచ్చిందా అన్నాడు. నిజంగానే పని ఉంది లెండి అన్నాను. అది అబద్ధం కాదు. అబద్ధం కాని మాటలు ఏరి ఏరి చెప్పడంలో ఆ రోజుల్లో నాకు మంచి నేర్పు వచ్చింది.

మర్నాడు యాదగిరితో వీడియో కాల్. వేలికి బ్యాండేజీ చుట్టుకుని కూర్చున్నాను. అడక్కముందే, ఉల్లిపాయలు కోస్తుంటే తెగిందన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. అతను అనుమానించలేదు, వదినకు సాయం చేస్తున్నావా అని ఎగతాళి చేశాడు. మా ఆఫీసులో ఒక అలవాటుంది. ఓటేసిన మర్నాడు టీమంతా నిలబడి సిరా వేళ్ళు చూపిస్తూ ఫోటో దిగి అందరికీ పంపుతారు. మీటింగు ఉందని నేను దిగలేదు. పెద్ద పెద్ద కబుర్లు చెబుతారు గానీ ఓటు మాత్రం వేయరు అని కుర్రాళ్ళు నన్ను ఆట పట్టించారు. తల వంచుకుని పడ్డాను. ఆ ఫోటో, ఆ మాటలు నెదర్లాండ్స్‌లో ఉన్న యాదగిరికి చేరాయి. తన కోసం నేను పదిమందిలో మాట పడ్డాననుకున్నాడు. నా అబద్ధానికి నా టీమంతా తెలియకుండానే సాక్ష్యం చెప్పింది. ఆ వారంలోనే, కారణం చెప్పకుండా, అందరి ముందూ అన్నాడు. భయ్యా మాటంటే మాటే అని.

ఆ ఎన్నికలో ఎవరు గెలిచారో చెప్పను. మా ఇద్దరి ఓట్లతో తేలే గెలుపు కాదు అది. మరి నా తప్పు ఎంతటిది? ఫలితం పక్కన పెట్టి చూస్తే ఆవగింజంత కూడా కనపడదు. ఈ లెక్కతో చాలాసార్లు హాయిగా నిద్రపోయాను. కానీ అతను తన ఓటును ఫలితానికి వదులుకోలేదు. నాకు వదులుకున్నాడు. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు.

ఇక్కడితో ఆగి ఉంటే బహుశా ఇది రాసేవాణ్ణి కాదేమో. రెండోది వినండి. రెండోదానిలో నీడ సాకు కూడా లేదు.

యాదగిరి తిరిగి వచ్చాడు. ఐదేళ్ళు గడిచి మళ్ళీ లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఈసారి క్లయింటు దగ్గర మూడు వారాల పని నాకే పడింది, నెదర్లాండ్స్‌లోనే. నేను టికెట్ల గురించి ఆలోచించలేదు. ఈ ఒక్కసారికి పోనీలే అనుకున్నాను. పోలింగు రోజు పొద్దున హోటల్లో బ్రెడ్డు తింటుంటే యాదగిరి మెసేజ్ వచ్చింది. "భయ్యా, నువ్వు ఎయ్యలేవు కాబట్టి నేను గూడ ఎయ్యను. అప్పుడు నువ్వు నా కోసం ఆగినవ్. ఇప్పుడు నా వంతు."

హైదరాబాదులో అప్పటికి పన్నెండు దాటింది. పోలింగు ఇంకా గంటల కొద్దీ ఉంది. మా ఇంటినుంచి బడి ఐదు నిమిషాల నడక. వెళ్ళు అని ఒక్క మాట రాస్తే చాలు. ఎందుకు రాయలేదు? నిజం బయటపడుతుందని భయమా? వెళ్ళు అన్నంత మాత్రాన ఏ నిజమూ బయటపడదు. నాకిక్కడ ఎలాగూ కుదరదు, నువ్వెందుకు మానడం, వెళ్ళి వేసిరా అంటే అతను వెళ్ళేవాడు, నా మంచిపేరు ఇంకా పెరిగేది. నేను రాయనిది ఒకే ఒక్క కారణానికి. ఎదుటి పార్టీకి ఒక ఓటు తగ్గుతుంది. ఊరికే వచ్చింది, ఎందుకు కాదనాలి? చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపించాను. మిగిలిన బ్రెడ్డు తినేసి ఆఫీసుకు వెళ్ళాను.

ఇదే నా తప్పుల్లో పెద్దది. మొదటిసారి నేను మోసం చేశాను. రెండోసారి అతను తన మంచితనం తానే తెచ్చి నా ముందు పెట్టాడు, నేను తీసుకుని దణ్ణం పెట్టాను.

పోయిన ఆదివారం దాకా ఇవన్నీ నా లోపలే ఉన్నాయి. ఓటర్ల జాబితాను మళ్ళీ సరిచూస్తున్నారు, పార్టీలు బూత్‌కొక ఏజెంటు పేరు ఇవ్వాలి. మల్లేశ్‌కు మోకాళ్ళ నొప్పులు, రోజంతా బల్ల మీద కూర్చోలేనంటున్నాడు. ఆ చోటు యాదగిరి అడిగాడు. ఆ మూడు పేజీలకు టిక్కులు పెట్టాలని అతనికి చిన్నప్పటి నుంచి ఆశ. నేను చర్చి నుంచి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ కింద అరుగు మీద కూర్చుని ఉన్నారు. మెట్లెక్కబోతూ ఆగాను.

"రెండుసార్లు ఓటెయ్యనోడు ఏజెంట్ గూసుంటడా? ఊరోళ్ళు నా మొకం మీద్నే నవ్వుతరు" అంటున్నాడు మల్లేశ్.

"పని పడె అన్నా" అన్నాడు యాదగిరి.

"అందరికీ పనే. నువ్వు దేశంల లేని ఏడాది గీ సార్ ఎక్కడి గుంటూరోడో లైన్ల నిలవడి ఏసిండు. నా చేత్తోని నేను టిక్కు వెట్టిన."

నా చేతిలో బైబిలు ఉంది. ఎటూ కదలలేదు. ఇంతకాలం ఈ మాట వాళ్ళిద్దరి మధ్య రాకపోవడమే నన్ను కాపాడింది. వచ్చేసింది. అయిపోయింది అనుకున్నాను. భయం వేసింది, దాంతోపాటు కాస్త నెమ్మది కూడా కలిగింది. యాదగిరి నా వైపు తిరుగుతాడని ఎదురుచూశాను. అతను తిరగలేదు. అన్నతోనే అన్నాడు.

"ఆ ఏడాది భయ్యా ఎయ్యలే. నీకు యాది తప్పింది."

"నాకా? టిక్కు వెట్టినోన్ని నేను రా."

"వేరే ఎవలకో వెట్టి ఉంటవ్. భయ్యా ఎయ్యలే. నాకు తెలుసు."

"నీకెట్ల తెలుసు? నువ్వేడ ఉంటివి, బూత్ ఏడ ఉండె?"

"తెలుసు. గంతే."

ఎలా తెలుసో చెప్పడు. చెప్పనని నాకు మాటిచ్చాడు. మల్లేశ్ లేచి నిలబడ్డాడు. "అంటే నేను అబద్ధమాడుతున్ననా?" అని, నా వైపు తిరిగాడు. "సార్, మీరే జెప్పుండ్రి. ఏసిండ్రా, లేదా?"

యాదగిరి కూడా చూశాడు. అతని కళ్ళలో అనుమానం లేదు. చెప్పు భయ్యా, దీన్ని ఇక్కడితో తెంపు అన్నట్టు చూశాడు.

"చాలా ఏళ్ళయింది కదండీ" అన్నాను. "సరిగ్గా గుర్తు లేదు."

"ఏసి ఉంటే గుర్తుండదా?" అన్నాడు యాదగిరి, గెలిచినట్టు.

మల్లేశ్ నన్ను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. మెల్లగా కూర్చున్నాడు. "నాకే మతి పోతున్నట్టుంది" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. నిజంగానే అడుగుతున్నట్టు అన్నాడు.

నేను మెట్లెక్కి పైకి వచ్చేశాను.

మూడు రోజుల తరువాత నా భార్య చెప్పింది. మల్లేశ్ దవాఖానకు వెళ్ళి మతిమరుపుకు మందు అడిగాడట. వాళ్ళ నాయనకు చివరి రోజుల్లో మనుషులు గుర్తుండేవాళ్ళు కారట, తనకూ అదే మొదలైందేమోనని భయం. తన భార్యను కూర్చోబెట్టి వీధిలో ఇళ్ళవాళ్ళ పేర్లు వరసగా చెప్పి, సరిగ్గా చెప్పానా అని అడుగుతున్నాడట. అన్నీ సరిగ్గానే చెబుతున్నాడట. అయినా నమ్మకం లేదట. మా ఆవిడ ఇది జాలిగా చెప్పింది. ఆమెకు ఆ ఒప్పందం సంగతి తెలియదు. మీరు ఆ ఏడాది ఓటు వేశారుగా, నా వెనకే వచ్చారుగా, ఆయనకు ఒకసారి చెప్పకూడదూ అంది.

ఆమెకు అది అంత చిన్న పని. నిజానికి అది అంత చిన్న పనే.

ఇంతకాలం నా తప్పు ఒక ఓటు, రెండు ఓట్లు అనుకుంటూ వచ్చాను. ఓట్లు పోతే ఐదేళ్ళకు మళ్ళీ వస్తాయి, అలాగే సరిపెట్టుకున్నాను. ఒక మనిషి తన కళ్ళతో చూసింది, తన చేత్తో చేసింది తానే నమ్మలేని స్థితికి వచ్చాడు. అతన్ని అక్కడికి తోసింది సొంత తమ్ముడు. ఆ తమ్ముడి చేత తోయించింది నా మాట మీద అతనికున్న నమ్మకం. నేను మధ్యలో నిలబడి గుర్తు లేదన్నాను. నాకు గుర్తు లేకపోవడమా? వరసలో నా ముందున్నాయన చొక్కా రంగు కూడా చెప్పగలను.

దీన్ని అచ్చు తీశాను. రేపు పొద్దున సెంట్రింగ్ సామాను లారీకి ఎత్తించాక మల్లేశ్ అరుగు మీద పేపరు చదువుతాడు. అప్పుడు వెళ్ళి ఇస్తాను. ముందు యాదగిరికి ఎందుకు ఇవ్వకూడదని మీరు అడగొచ్చు. యాదగిరి క్షమించేస్తాడు. పోనీ తియ్ భయ్యా అని నవ్వేస్తాడు. అతని సంగతి నాకు తెలుసు, ఆ నవ్వు తీసుకుంటే మూడోసారి కూడా అతని దగ్గర ఊరికే తీసుకున్నట్టవుతుంది. మల్లేశ్ అంత తొందరగా క్షమించడు. ఇల్లు ఖాళీ చేయమంటే చేస్తాను. చదివాక ఈ కాగితాలు తమ్ముడికి ఇస్తాడో, ఊరివాళ్ళందరినీ పిలిచి చదివిస్తాడో, అది అతని ఇష్టం. ఆఫీసులో మాట వస్తే రానీ. నేను భయపడటం లేదు. క్షమించమని ఎక్కడా రాయలేదు, మీరు గమనించే ఉంటారు. మర్చిపోయి కాదు.

ఇంత పొడుగు కాగితం ఆయన చివరిదాకా చదువుతాడో లేదో అని ఒక అనుమానం ఉంది. అందుకని చేతికిచ్చే ముందు నోటితో ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఇందాక ఒకసారి పైకి అనుకుని చూశాను కూడా, గదిలో ఎవరూ లేనప్పుడు.

"మల్లేశ్ గారూ, మీకు మతి పోలేదు. ఆ రోజు నేను ఓటేశాను. మీ తమ్ముణ్ణి రాకుండా ఆపి మరీ వేశాను."

మూడే వాక్యాలు. ఇన్నేళ్ళూ నేను దాచింది ఇంతే.